నా పేరుతోనే వడ్డించాను

ఢిల్లీలో తెలుగు క్రైస్తవ ఇంటి ఆడమనిషి కనిపిస్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ హాస్పిటల్?" అని. పెళ్లిళ్లలో అడిగారు, చర్చి మెట్ల మీద అడిగారు, మెట్రోలో పక్క సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియనామె కూడా అడిగింది. హాస్పిటల్ కాదండి, హోటల్లో వడ్డిస్తాను అని చెప్పేదాన్ని. ఆ మాట విన్నాక ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. మొదట్లో చిన్నబుచ్చుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ మొహాలు చూడటం సరదాగా ఉండేది.

మా అక్క నర్సు. భీమవరం దగ్గర మా ఊరి నుంచి ముందు తను వచ్చింది. నన్ను కూడా నర్సింగ్‌లో చేర్చాలని పిలిపించుకుంది. నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. సూది చూసినా తిరుగుతాయి. ట్రైనింగ్ మొదలైన వారంలోనే రోగిని వదిలేసి నన్ను మంచం మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. అలా హోటల్ పనిలో పడ్డాను. గతిలేక వెళ్లిందని చుట్టాలు అనుకున్నారు. వెళ్లింది గతిలేకే. ఉండిపోయింది మాత్రం ఇష్టపడి.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చున్నాను. గ్రేటర్ నోయిడా కాలేజీల్లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే తెలుగు పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. గోంగూర కోసమే వస్తారు, నా మీద ప్రేమతో కాదు. వాళ్లకు కాలేజీలో గుడ్డ రుమాలును హంసలా మడవడం నేర్పుతున్నారట. మంచిదే. ఎలా పిలిస్తే వెళ్లాలో, ఎలా పిలిస్తే వెళ్లకూడదో మాత్రం ఎవరూ నేర్పడం లేదు. అందుకని ఇది రాస్తున్నాను. టిప్పుల గురించీ, యూనిఫాం గురించీ నన్ను అడగకండి. అవి మీకే తెలుస్తాయి.

చిటికెకు పలకను

నేను మొదట పనిచేసింది నోయిడాలో ఒక మాల్‌లో. అక్కడ వెయిటర్ల మీద పెద్దగా ఉండే మనిషిని కెప్టెన్ అంటారు. మా కెప్టెన్ నేగీ గారు. గఢ్వాల్ కొండల మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపం ఎప్పుడూ మామీద చూపించలేదు, అందుకే ఆయన్ని గురువంటున్నాను.

టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి మనల్ని పిలవడానికి ఎన్ని దారులు వెతుక్కుంటాడో ఈ పనిలోకి వస్తేగాని తెలియదు. కొందరు చిటికె వేస్తారు. కొందరు పిల్లిని పిలిచినట్టు పెదాలతో చప్పుడు చేస్తారు. చెంచాతో గ్లాసు మీద కొట్టేవాళ్లున్నారు. భయ్యా అని అరిచి, తిరిగింది ఆడదని చూసి నాలుక కరుచుకుని దీదీ అనేవాళ్లు వీళ్లందరికంటే నయం.

ఒకరోజు ఒకాయన ఫోన్లో మాట్లాడుతూ నా వైపు చూడకుండానే చిటికె వేశాడు. నేను కదలబోతే నేగీ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మత్ జా," అన్నారు. "చిటికెకు కుక్క వస్తుంది. నువ్వు ఇక్కడే నిలబడు. అతను నీ మొహం చూసినప్పుడు వెళ్లు."

ఆయన మళ్లీ చిటికె వేశాడు. నేను కదల్లేదు. చివరికి ఫోన్ దించి, తలతిప్పి, నన్ను చూసి, "సునియే," అని మర్యాదగా పిలిచాడు. వెంటనే వెళ్లాను. ఆ పూట ఆయనకు ఏ లోటూ రానివ్వలేదు. నీళ్లు అయిపోకముందే పోశాను, రొట్టె చల్లారకముందే మార్చాను.

ఆ రోజు నుంచి చిటికెకు పలకడం మానేశాను. మేనేజర్లు తిట్టారు. అతిథే దేవుడని గోడ మీద బోర్డు చూపించారు. దేవుడైతే చిటికెలెందుకు వేస్తాడు? నన్నడిగితే, మర్యాదగా వడ్డించడం మన పని, తగ్గి బతకడం ఎవరి పనీ కాదు. ఈ రెండూ ఒకటేనని చెప్పే యజమాని దగ్గర ఎక్కువకాలం ఉండకండి.

చాలు అన్నాక ఏం చెయ్యాలి

ఆ మాల్ హోటల్ మూతపడ్డాక నేను బేర్ సరాయ్ దగ్గర కోటేశ్వరరావు గారి ఆంధ్రా భోజన హోటల్లో చేరాను. కొన్నాళ్లకు నేగీ గారినీ అక్కడికే లాక్కొచ్చాను. కోటేశ్వరరావు గారిది గుంటూరు వైపు. చెయ్యి మంచిది, మనసూ మంచిదే, గుండె మాత్రం కోడిగుండె. ఎవరైనా గట్టిగా మాట్లాడితే గల్లాపెట్టె వెనక్కి వంగి ఏదో వెతుక్కునేవారు.

అక్కడ అరటాకు భోజనం. పళ్లెం తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోవడం కాదు, బేసిన్ చేత్తో పట్టుకుని ఆకు ఆకుకీ తిరగాలి. నేను గోదావరి జిల్లా దాన్ని, ఈ పని నాకు పుట్టుకతోనే వచ్చనుకున్నాను. మొదటి నెలలోనే ఒక ఢిల్లీ పెద్దమనిషి దగ్గర నా తిక్క కుదిరింది. ఆయన "బస్," అన్నాడు, అంటే చాలని. మన ఇళ్లల్లో ఒకసారి వద్దనడం మర్యాద, ఒకసారి బలవంతం చెయ్యడం మర్యాద. నేను నవ్వుతూ ఇంకో గరిటె పప్పు వేశాను. ఆయన మళ్లీ "బస్," అన్నాడు. నేను నెయ్యి వేశాను. ఆయన లేచి కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి, ఈమెకు హిందీ రాదా అని అడిగాడు.

నేగీ గారికి సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. చదువుకోవడానికి వచ్చి పక్కనున్న కటవారియా సరాయ్‌లో దిగిన ఒక కొత్త తెలుగు కుర్రాడు మొహమాటానికి చాలండి అన్నాడు. నేగీ గారు చాలంటే చాలే అనుకుని వెళ్లిపోయారు. కాసేపటికి చూస్తే ఆ అబ్బాయి ఆకులో పెరుగు ఉంది, కలుపుకోవడానికి మెతుకు లేదు. వేలితో పెరుగును అటూ ఇటూ గీస్తూ కూర్చున్నాడు. నేను వెళ్లి అడక్కుండా అన్నం పెట్టాను. నేగీ గారు తర్వాత నన్ను పక్కకు పిలిచి, "మీ తెలుగువాళ్లు ఆకలేసినా వద్దంటారా?" అని అడిగారు. మొదటిసారి అంటామని చెప్పాను. ఆయన చాలాసేపు తల పట్టుకున్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత చెప్పినవాళ్లు ఎవరో గాని ఒక్కరోజు కూడా వడ్డించి ఉండరు. అడగకముందే పెట్టడం కోసమే మనల్ని పనిలో పెట్టుకుంటారు. నోటిని నమ్మకండి, చేతిని చూడండి. నోరు చాలన్నా, ఆకులో ఒక పక్క ఖాళీ చేసుకుంటున్నాడంటే వాడికి ఇంకా ఆకలుంది. వేళ్లు ముడిచి వెనక్కి వాలితే నిజంగా చాలు.

ఈ పనిలో సుఖం ఏముందని మా అక్క అడిగేది. సివిల్స్‌కి చదివే ఒకమ్మాయి రోజూ నీళ్ల గ్లాసుకు పుస్తకం ఆనించి చదువుతూ తినేది. ఒకరోజు పుస్తకం లేకుండా వచ్చింది. ఫలితాలు వచ్చాయని నాకు అర్థమైంది, ఏం వచ్చాయో కూడా అర్థమైంది. నేనేమీ అడగలేదు. కూరలతో పని లేకుండా మెత్తగా పెరుగన్నం కలిపి, పక్కన మాగాయ ముక్క వేశాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ తింది. తిన్నాక తలెత్తి, "ఇంకొంచెం వెయ్యండి ఆంటీ," అంది. మా అక్క ప్రాణాలు నిలబెట్టింది, నేను కాదనను. నేను కూడా ఆ పూట చిన్న పనేమీ చెయ్యలేదు.

ఒక్కరోజుకు ఇంకో పేరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఢిల్లీలో మనవాళ్లు ఏడాది పొడుగునా మనమంతా తెలుగువాళ్లం అంటారు. కార్తీకమాసం వచ్చేసరికి ఎవరి ఉసిరిచెట్టు వాళ్లది. వనభోజనాలు కులాలవారీగా జరుగుతాయి, ఒక్కో కులానికి ఒక్కో సంఘం. అలాంటి ఒక సంఘం సెక్రటరీ గారు మా హోటల్‌కి ప్రతి ఆదివారం కుటుంబంతో వచ్చేవారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం. ఎప్పుడూ నా టేబుల్ దగ్గరే కూర్చునేవారు. ఆయనకు కందిపొడి ముందు కావాలి, మజ్జిగలో ఉప్పు ఉండకూడదు. ఏళ్ల తరబడి వడ్డించాను. నన్ను "అమ్మాయ్," అని పిలిచేవారు. నా జేబు మీద పేరు బ్యాడ్జీ ఉండేది, ఆయన ఎన్నడూ చదవలేదు.

ఆ ఏడాది వాళ్ల వనభోజనాల వంట మా హోటల్‌కే వచ్చింది. ముందురోజు కోటేశ్వరరావు గారు నన్ను వంటగది పక్కకు పిలిచి చేతిలో కొత్త బ్యాడ్జీ పెట్టారు. దాని మీద సుజాత అని ఉంది.

"ఇదెవరిదండీ?" అన్నాను.

"నీదేనమ్మా. రేపు ఒక్కరోజు పెట్టుకో. వాళ్లు కాస్త పట్టింపు మనుషులు. సువార్త అనే పేరు చూస్తే నువ్వు ఎవరో ఏమిటో అని వంద ప్రశ్నలేస్తారు."

"అయితే నన్ను పంపకండి."

"పంపకపోతే ఎట్లా? బంతి వడ్డన నీలాగా ఎవరికొచ్చు ఇక్కడ?"

నా చేతులు కావాలి, నా పేరు వద్దు. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన నేల చూస్తూ, "సంఘం వాళ్లతో పెట్టుకుంటే ఈ హోటల్ నడవదమ్మా. సుజాతగా వస్తే వ్యాన్ ఎక్కు. లేకపోతే తర్వాత కూడా పనిలోకి రానక్కర్లేదు," అన్నారు. అంత మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. చెప్పి వెంటనే గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయారు.

మా ఇంట్లో అప్పుడు నా ఒక్కదాని సంపాదనే. ఆ వయసులో, ఆ మోకాళ్లతో ఇంకో హోటల్ నన్ను తీసుకోదని నాకు తెలుసు. అక్కకు ఫోన్ చేశాను.

"ఒక్కరోజే కదే, పెట్టుకో. మేం హాస్పిటల్లో ఎన్ని మింగుతున్నాం," అంది.

మింగడం నీకు అలవాటైంది, నాకు కాలేదు అని ఫోన్ పెట్టేశాను. తర్వాత ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. ఎంగిలాకులు తీశాను, ఎవరి పిల్లలో కక్కుకుంటే తుడిచాను, ఏదీ చిన్నతనమనిపించలేదు. ఆ ప్లాస్టిక్ ముక్క జేబుకు తగిలించుకోవడం మాత్రం నావల్ల కాలేదు.

పొద్దున్నే నా సొంత బ్యాడ్జీ పెట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని వ్యాన్ ఎక్కాను. చలికాలం కాబట్టి కోటేశ్వరరావు గారికి అనుమానం రాలేదు. వచ్చినా అడిగే ధైర్యం ఆయనకు లేదు.

కడబంతి

ఆ పార్కులో ఉసిరిచెట్టు లేదు. కుండీలో ఒక ఉసిరిమొక్క తెచ్చి వేపచెట్టు మొదట్లో పెట్టి పూజ చేశారు. జంపఖానాలు పరిచి బారుగా ఆకులు వేశారు. జనం కూర్చున్నారు. ఎండ ఎక్కింది. బేసిన్ ఎత్తేముందు నేను స్వెటర్ విప్పి వ్యాన్‌లో పడేశాను.

పప్పు, కూరలు వెళ్లిపోయాయి. నేను అన్నంతో సగం బంతి దాటాను. వెనక సాంబారు బకెట్‌తో నేగీ గారు, ఆయన వెనక ఆయనలాగే కొండల వైపు నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు వెయిటర్లు. పెద్దవాళ్లు నవ్వుతూ పెట్టించుకుంటున్నారు. ఒక ముసలమ్మ నా బ్యాడ్జీ చదివి, పైకి చదివే, అన్నం పెట్టించుకుంది. అప్పుడు సెక్రటరీ గారు ఎదురొచ్చారు. నా మొహం చూసి పలకరింపుగా నవ్వారు. తర్వాత మొదటిసారి నా జేబు వైపు చూశారు.

"అమ్మాయ్, నీ పేరిదా?"

"ఇదేనండి."

ఆయన గొంతు తగ్గించారు. "ఆ బేసిన్ ఇంకెవరికైనా ఇచ్చెయ్. నువ్వు నీళ్లు చూసుకో." ఒక క్షణం ఆలోచించి, "నీళ్లు కూడా వద్దులే. ఖాళీ గ్లాసులు సర్దు," అన్నారు.

"ప్రతి ఆదివారం నా చేతి వడ్డనే కదండీ మీరు తినేది?"

"హోటల్ వేరమ్మా. ఇది మనవాళ్ల భోజనం. పెద్దవాళ్లున్నారు, నువ్వే అర్థం చేసుకోవాలి."

ఎప్పుడూ అర్థం చేసుకోవాల్సింది నేనే. ఆ బేసిన్ బరువు, పైగా వేడి. ఆయన చేతుల్లో పెట్టేశాను. "అయితే మీరే వడ్డించండి," అన్నాను.

కోటేశ్వరరావు గారు పరుగెత్తుకొచ్చారు. "సువార్తా, నా పరువు తియ్యకు. రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నారు. నేగీ గారికి తెలుగు అంతగా రాదు, అయినా ఆ మాట అర్థమైంది. సాంబారు బకెట్ నేల మీద పెట్టారు. "తో హమ్ భీ నహీ పరోసేంగే," అన్నారు, అయితే మేమూ వడ్డించమని. ఆయన పెడితే వెనక ఇద్దరూ పెట్టేశారు. వాళ్లది ఏ కులమో అడగాలని ఆ సంఘంలో ఒక్కరికీ తోచలేదు. మా నలుగురిలో నా కులం ఒక్కటే వాళ్లకు తెలిసింది, అదీ పేరు చదివాక.

బంతి మధ్యలో ఆగిపోయింది. జనం చేతులు ఆకుల మీద పెట్టుకుని చూస్తున్నారు. సెక్రటరీ గారు, ఇంకో ముగ్గురు సంఘం పెద్దలు ప్యాంట్లు పైకి మడిచి గరిటెలు అందుకున్నారు. మేం నలుగురం కూరగాయల ట్రేలు బోర్లించుకుని కూర్చున్నాం. అన్నం రాకముందే సాంబారు వచ్చింది. పాయసంలో ఆవకాయ పడింది. ఒకావిడ పట్టుచీర మీద చారు ఒలికింది. వంగి వంగి నడుములు పట్టేసి ఆ నలుగురూ ఆకు ఆకుకీ ఆగి నిట్టూరుస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. కాని లోపల మాత్రం రేపటి గురించి గుబులుగానే ఉంది. కోటేశ్వరరావు గారు నా వైపు చూడటం లేదు.

తిన్నవాళ్లంతా లేచి తంబోలా ఆడుకోవడానికి అవతలి పక్కకు వెళ్లిపోయారు. ఇక మిగిలింది వడ్డించిన ఆ నలుగురే. చేతులు కడుక్కుని, వాళ్ల ఆకులు వాళ్లే వేసుకుని కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మనవాళ్లంతా తంబోలాలో ఉన్నారు. సెక్రటరీ గారు భార్యను కేకేశారు. ఆవిడ, "ఒక్క నంబరు వస్తే అయిపోతుందండీ," అని అక్కణ్ణుంచే అరిచింది గాని లేవలేదు.

కోటేశ్వరరావు గారు మెల్లగా నా దగ్గరికి వచ్చారు. "ఈ ఒక్క బంతీ వేసెయ్యమ్మా. ఇందాకటి మాట మర్చిపో. పనిలోకి ఎప్పట్లాగే వద్దువుగాని."

"వేస్తానండి. నా పేరుతో అయితేనే."

"నీ పేరుతోనే."

"మీరు కాదు. వాళ్లు చెప్పాలి."

ఆయన అటూ ఇటూ చూశారు. వంగి వెతుక్కోవడానికి అక్కడ గల్లాపెట్టె కూడా లేదు. నేను అన్నం బేసిన్ తీసుకుని సెక్రటరీ గారి ఆకు ముందు నిలబడ్డాను. నేగీ గారు బకెట్‌తో నా వెనక నిలబడ్డారు.

"నా పేరు సువార్త అండి," అన్నాను. "వడ్డించమంటారా?"

ఆయన నన్ను చూడలేదు. తంబోలా వైపు చూశారు, పక్కన కూర్చున్న ముగ్గురి వైపు చూశారు. వాళ్లు తమ ఖాళీ ఆకుల్లోకి చూస్తున్నారు. నేను కదల్లేదు. ఆయన ఆకు మీద నీళ్లు చల్లుకున్నారు, తుడుచుకున్నారు, మళ్లీ చల్లుకున్నారు. అప్పుడు తలెత్తారు.

"వడ్డించండి సువార్త గారూ."

"గారు అక్కర్లేదండి," అన్నాను. "పేరు చాలు."

ఆయనకు అన్నం పెట్టి పక్క ఆకు దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన నేను ఇంకా ఏమీ అడగకముందే, "సువార్తా, కాస్త ఎక్కువే వెయ్యమ్మా," అని ఆకు ముందుకు జరిపాడు.